చిలక్కి కుట్టిన బొంత

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు, వాళ్ల తర్వాత చాలా ఏళ్లకి పుట్టిన ఒక కూతురు. పెద్దవాడు శూరసేనుడు, రెండోవాడు ధీరసేనుడు. మూడోవాడి దగ్గరికి వచ్చేసరికి గట్టి పేర్లన్నీ అయిపోయాయో ఏమో, వాణ్ణి చిట్టిసేనుడన్నారు. కూతురి పేరు ముత్యాలు. ముత్యాలు నిద్ర సంగతి ఆ రాజ్యమంతా చెప్పుకునేవారు. పక్కన భేరీ మోగించినా కదిలేది కాదు. అన్నం తింటూ తింటూ నోట్లో ముద్దతోనే తూలిపోయేది. అప్పుడు చిట్టిసేనుడే మూతి కడిగి, భుజాన వేసుకెళ్లి పడుకోబెట్టేవాడు.

అలాంటి పిల్లకి ఒకనాడు నిద్ర పోయింది. పోయిందంటే ఎక్కడికో పోలేదు, దొంగ ఎత్తుకుపోయాడు.

ఏడు సముద్రాల అవతల గండకేశుడనే మాంత్రికుడు ఉన్నాడు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు కదా. ఈయన హంసతూలికా తల్పాలు పరిపించాడు, వింజామరలు వీయించాడు, నిద్ర మాత్రం ఆ గుమ్మం తొక్కలేదు. అందుకని హాయిగా నిద్రపోయే పిల్లల నిద్ర దొంగిలించి బెల్లంముక్కలా నోట్లో వేసుకునేవాడు. దాంతో ఒక్క కునుకు పట్టేది. మళ్లీ మామూలే. ముత్యాలు నిద్రా అలాగే మింగేశాడు.

పిల్ల రెప్ప వాల్చదు. ఏడవడానికీ ఓపిక లేదు. రాజవైద్యుడు నాడి చూసి, "ప్రభూ, వచ్చే అమావాస్య లోపల పాప నిద్రపోకపోతే మనకి దక్కదు" అన్నాడు.

శూరసేనుడు కత్తి పట్టుకుని బయలుదేరాడు. తిరిగి రాలేదు. ధీరసేనుడు బంగారు మూట పట్టుకుని బయలుదేరాడు. వాడూ తిరిగి రాలేదు. చిట్టిసేనుడు ఏమీ పట్టుకోకుండా వెళ్లి చెల్లెలి పక్కన కూర్చున్నాడు. "అన్నయ్యా, కళ్లు మండుతున్నాయి" అంది ఆ పిల్ల. వాడు ఇంక ఉండలేకపోయాడు. అమ్మకి చెప్పి, ఆ పూటే కోట దాటాడు.

సముద్రపు ఒడ్డున ఒక గూడకొంగ కాలికి వల చుట్టుకుని పడి ఉంది. ఇద్దరన్నలూ దాన్ని దాటుకుంటూనే వెళ్లారు, పాపం వాళ్లకి తొందర. చిట్టిసేనుడికీ తొందరే, కానీ వాడు కూర్చుని పోగు పోగు విడదీశాడు.

"నాయనా, నీ అన్నలు దిండ్లయిపోయారు" అంది గూడకొంగ.

"ఏమయిపోయారు?"

"దిండ్లు. తన జోలికి వెళ్లినవాళ్లని గండకేశుడు దిండ్లుగా మార్చి తల కింద పెట్టుకుంటాడు. మీ పెద్దన్న బాగా గట్టిగా ఉన్నాడని పక్కన పడేశాడట. ఆ మాంత్రికుడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఎవరికీ దొరక్కూడదని దాన్ని మంచుకొండ గుహలో దాచాడు. అది చలికి వణికిపోతూ ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. అది నిద్రపోకపోతే వాడికెక్కడి నిద్ర?"

"అయితే ఆ చిలక మెడ విరిచేస్తే?"

"వాడు చస్తాడు. వాడు మింగిన నిద్రలన్నీ వాడితోనే పోతాయి. మీ చెల్లి నిద్ర కూడా. చిలక నిద్రపోతేనే అవన్నీ బయటికొస్తాయి. ఆ చలికి పట్టూ ఆగదు, కంబళీ ఆగదు. బొంతలపాడు అవ్వలున్నారే, వాళ్ల బొంత ఒక్కటే ఆగుతుంది. అది పట్టుకురా, నిన్ను నేను మోసుకెళ్తాను."

బొంతలపాడులో ముగ్గురవ్వలు. నాంచారవ్వ, గురవవ్వ, నీలవ్వ. ముగ్గురూ అక్కచెల్లెళ్లే. ముగ్గురికీ కలిపి నోట్లో ఉన్న పళ్లకంటే వీధిలో ఉన్న కుక్కలే ఎక్కువ. కానీ దారం పట్టారంటే సూది బెజ్జమే వెతుక్కుంటూ వచ్చేది. చిట్టిసేనుడు వాళ్ల అరుగు ముందు నిలబడి బొంత అడిగాడు.

"కుట్టిన బొంత పనికిరాదు అబ్బీ" అంది నాంచారవ్వ. "చిలక ఎంత ఉందో, ఎట్లా ముడుచుకుంటుందో చూసి, చివరి మూల అక్కడికక్కడే కుట్టాల. ఈ మోకాళ్లతో మేము కొండలెక్కలేము. నువ్వే నేర్చుకో."

"నేనా? నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదవ్వా."

"మేమేమన్నా సూదితో పుట్టినామా? కూర్చో."

మొదట నాంచారవ్వ పాతబట్టల కోసం ఇంటింటికీ పంపింది. చిట్టిసేనుడు మెరిసే కోకలన్నీ ఏరి తెచ్చాడు. అవ్వ ఒక్కొక్కటీ చెంపకి ఆనించి చూసి పక్కన పెట్టింది. "కంటితో ఏరినావు. చెంపతో ఏరుకుని రా. ఉతికి ఉతికి మెత్తబడిందే ఒంటిని పట్టుకుంటాది." మళ్లీ వెళ్లాడు. ఈసారి ఒక బాలింత పాత చీర ఇచ్చింది, ఒక ముసలాయన పంచె ఇచ్చాడు. రాకుమారుడు చెంపకి పేలికలు ఆనించుకుంటూ వీధుల్లో తిరుగుతుంటే ఊరంతా నవ్వింది.

తర్వాత గురవవ్వ బట్టలు పొరలు పొరలుగా పరిచి సూది చేతికిచ్చింది. చిట్టిసేనుడు వింటినారి లాగినట్టు దారం లాగాడు. బొంత ముడుచుకుపోయింది. పక్కనే నీలవ్వ మనవరాలు చెంగల్వ కూడా కొత్తగా నేర్చుకుంటోంది. ఆ పిల్ల చూసి, "రాజుగారు బొంత కుడుతున్నారా, బూరె చేస్తున్నారా?" అంది.

"నువ్వు కుట్టింది చూసుకో, పాము పాకినట్టుంది" అన్నాడు వాడు. అది నిజమే. ఇద్దరూ నవ్వేశారు.

చిట్టిసేనుడు సిగ్గేసి ఆ వరస విప్పబోతుంటే నీలవ్వ చెయ్యి పట్టుకుంది. "నేర్చుకునేవాళ్ల కుట్టు మేము విప్పము, తిట్టము కూడా. అది మా ఆచారం. ఇట్లా చూడు." ఆ ముడతల వరస పక్కనే తనొక వరస కుట్టింది. బియ్యపుగింజలు పేర్చినట్టు వచ్చింది. సూది వాడి చేతికిచ్చి జరిగి కూర్చుంది. వాడు దాన్ని చూస్తూ ఇంకొకటి కుట్టాడు. అవ్వ మళ్లీ పక్కన ఒకటి కుట్టింది. అలా వరస పక్కన వరస, వరస పక్కన వరస. ఒక సాయంత్రం చూసుకుంటే ఏది అవ్వదో ఏది తనదో చిట్టిసేనుడికే తెలియలేదు. వాడికి కళ్లనీళ్లు వచ్చాయి. తనకి ఏదైనా చేతనవుతుందని అప్పటిదాకా ఎవరూ అనలేదు మరి.

అమావాస్య దగ్గరపడింది. ఒక్క మూల మిగిలి ఉండగానే అవ్వలు బొంత చుట్టి వాడి భుజాన పెట్టారు. చెంగల్వ దారపుండ ఇచ్చి, "లాగకు" అంది, అంతే.

గూడకొంగ ఒక సముద్రం దాటింది, రెండు సముద్రాలు దాటింది, మూడు దాటింది. దాటి దాటి ఏడోది దాటి మంచుకొండ మీద దిగింది. గుహలో చిలక గజగజ వణుకుతోంది. ఈకలన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"మెడ విరవడానికి వచ్చావా? తొందరగా కానీ, చలిగా ఉంది" అంది చిలక.

చిట్టిసేనుడికి దాని కళ్లు చూస్తే ముత్యాలు కళ్లు గుర్తొచ్చాయి. బొంత విప్పి చిలక చుట్టూ చుట్టాడు. చివరి మూల కుడదామని సూది తీసేసరికి గుహ అదిరింది. గండకేశుడు వచ్చాడు. ఎర్రటి కళ్లు, వాటి కింద నల్లటి వలయాలు.

"నా ప్రాణం జోలికొస్తావా? నువ్వూ దిండైపో" అని మంత్రం మొదలుపెట్టాడు. చిట్టిసేనుడి చేతులు రెండూ మోచేతుల దాకా దూదైపోయాయి. ఇంతలో తెరిచి ఉన్న మూలలోంచి గాలి దూరి చిలక వణికింది. మాంత్రికుడూ వణికాడు. మంత్రం సగంలో ఆగిపోయింది.

"ఆ మూల కుట్టాలి మామా" అన్నాడు చిట్టిసేనుడు. "నాకు చేతుల్లేకుండా చేశావు. ఇంక నువ్వే కుట్టు."

గండకేశుడు సూది వైపు చూశాడు. ఇన్ని యుగాల్లో ఎన్నడూ అనని మాట అన్నాడు. "నాకు రాదు."

"నాకూ వచ్చేది కాదు. చెయ్యి తిరిగివ్వు, చూపిస్తాను."

మాంత్రికుడు అనుమానం మనిషి, ఒక్క చెయ్యే ఇచ్చాడు. అతను బట్ట పట్టుకుంటే చిట్టిసేనుడు ఒంటిచేత్తో ఒక వరస కుట్టాడు. తర్వాత సూది అతనికిచ్చాడు. గండకేశుడు శక్తికొద్దీ దారం లాగాడు. బొంత చిలక మెడకి బిగుసుకుంది. చిలక నాలుక బయటపెట్టింది. మాంత్రికుడు గొంతు పట్టుకుని మోకాళ్ల మీద పడ్డాడు.

ఇంకొక్క కుట్టు పడితే వాడి పని అయిపోయేది. అన్నల్ని దిండ్లు చేసినవాడు, చెల్లెలి నిద్ర మింగినవాడు. కానీ ఆ ముడతలు చూస్తే చిట్టిసేనుడికి కోపం రాలేదు. అచ్చం తన మొదటి వరసే. చెల్లెలి కోసం ఆగాడో, ఆ ముడతల కోసం ఆగాడో వాడికే తెలీదు. వేళ్లతో బట్ట మెల్లగా సాగదీసి దారం వదులు చేశాడు. తిట్టలేదు, విప్పలేదు. పక్కన ఇంకో వరస కుట్టి సూది మళ్లీ చేతికిచ్చి, "లాగకు మామా, దారం వెనకాలే వస్తుంది" అన్నాడు.

గండకేశుడు వేలు పొడుచుకున్నాడు, విసుక్కున్నాడు, మళ్లీ కుట్టాడు. వరస పక్కన వరస పడింది. ఎప్పుడో తెలియకుండానే రెండో చెయ్యి కూడా తిరిగిచ్చేశాడు. చివరి ముడి పడగానే చిలక ముక్కు రెక్కలో దూర్చుకుంది. మాంత్రికుడు సూది పట్టుకునే పెద్దగా ఆవులించాడు. ఆ ఆవులింతలోంచి మింగిన నిద్రలన్నీ తెల్లటి సీతాకోకచిలకల్లా బయటికి ఎగిరి, ఎవరింటికి అవి పోయాయి. చిట్టిసేనుడు అతణ్ణి బొంత పక్కనే పడుకోబెట్టాడు, అలవాటు కదా. మంత్రం వీగి, కింద మాంత్రికుడి మేడలో దిండ్లన్నీ మనుషులయ్యాయి. శూరసేనుడు ఒళ్లు దులుపుకుంటూ, "నేను గట్టిగా ఉన్నానని వాడెలా అంటాడు?" అని దారి పొడవునా గొణిగాడు.

ముగ్గురూ కోటకి చేరేసరికి మేళమూ లేదు, తాళమూ లేదు. ద్వారపాలకులు మునివేళ్ల మీద నడుస్తున్నారు. గెలిచి వచ్చిన కొడుకులకి ఎదురొచ్చిన రాజు నోటిమీద వేలు పెట్టి, "ఉష్, పడుకుంది" అన్నాడు. అంటూనే ఏడ్చేశాడు.

ముత్యాలు భోజనాల గదిలోనే పడుకుంది, నోట్లో ముద్దతోనే. కదిలిస్తే లేస్తుందేమోనని ఎవరికీ ముట్టుకునే ధైర్యం లేకపోయింది. చిట్టిసేనుడు కూర్చుని మూతి కడిగి భుజాన వేసుకున్నాడు. పిల్ల లేవలేదు. కానీ నిద్రలోనే చెయ్యి వాడి మెడ చుట్టూ వేసింది.

ఆ పిల్ల లేచేదాకా తన పెళ్లికి ముహూర్తం పెట్టనివ్వలేదు వాడు. లేచాక చిట్టిసేనుడికీ చెంగల్వకీ అంగరంగ వైభవంగా పెళ్లయింది. ముగ్గురవ్వలే పెళ్లి పెద్దలు. ఆ దంపతులు చాలాకాలం చల్లగా ఏలారు. ఆ రాజ్యంలో ఏ పిల్లా నిద్రకి మొహం వాచింది లేదు. ఇక మీ వంతు, దుప్పట్లోకి దూరండి.