బోనులో కొలువైన గంగమ్మ

కెనడా తూర్పు తీరాన హాలెట్ కోవ్ అనే చిన్న రేవు ఉంది. నలభై పడవలు, ఒక చేపల ఫ్యాక్టరీ, ఒక ఐసు గోదాము, అంతే ఊరు. ఊరంతా బతికేది రాతిరొయ్యల, అంటే లాబ్‌స్టర్ల, వేట మీదనే. జెట్టీ చివర రేకుల పాకలో ఉన్న గంగమ్మను చూసి కొత్త భక్తులు నోరెళ్ళబెడతారు. గద్దె లేదు, గోపురం లేదు. రాతిరొయ్యలు పట్టే చెక్కబోనులో కూర్చుని ఉంటుంది తల్లి! ఇదేం వింత అంటారా, చెబుతాను వినండి.

పూర్వం ఇక్కడికి భీమిలి తీరం నుంచి గరికిన దానయ్య, కాసులమ్మ అనే జాలరి దంపతులు పనికి వచ్చారు. దానయ్య ఎల్డన్ అనే కెప్టెన్ పడవలో కళాసీ. కాసులమ్మ ఫ్యాక్టరీలో రొయ్యలు వలిచేది. పరాయి సముద్రం, ఎముకలు కొరికే చలి. మగడు వేటకు వెళ్తే ఆమెకు ముద్ద దిగేది కాదు. ఒడ్డున దొరికిన రాయికి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఈ పాకలోనే గంగమ్మగా కొలుచుకునేది.

ఏటా కొన్ని నెలలు మూసి ఉండే వేట మళ్ళీ తెరిచే రోజు వచ్చింది. బోను నీటి అడుగున కుదురుగా నిలవాలంటే లోపల రాయి వేయాలి. ఎల్డన్‌కు ఒక రాయి తక్కువైంది. పాపం, ఆయనకేం తెలుసు? పాకలో కనబడ్డ రాయిని ఎత్తి బోనులో వేసుకున్నాడు!

పడవలు కదిలాక కాసులమ్మ వచ్చి చూస్తే ఇంకేముంది, అమ్మ లేదు!

“ఓలమ్మో! నా తల్లిని ఎవులెత్తుకుపోనారో!” అని లబోదిబోమంది.

“ఎల్డన్ పట్టుకెళ్ళాడమ్మా,” అన్నాడు ఐసు గోదాము ముసలాయన.

అంతలోనే గాలి లేచింది. అందరూ చూస్తుండగానే రేవు ముఖాన ఎల్డన్ పడవ ఇంజను ఆగిపోయింది. లంగరు వేస్తే తాడు పుటుక్కున తెగింది. అలలు పడవను రాళ్ళ మీదికి నెట్టుకుపోతున్నాయి. కాసులమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి.

“అమ్మా, ఎక్కడున్నా సరే, నా మావను పట్టుకోవే!” అని గొంతు చించుకుని అరిచింది.

పడవలో దానయ్య, ఏ దారీ తోచక, చేతికందిన బోనుకు మోకు కట్టి నీళ్ళలోకి తోశాడు. మోకు బిగిసింది. ఆగింది! రాళ్ళకు నాలుగు బారల దూరంలో పడవ కదలకుండా నిలిచిపోయింది. జెట్టీ జెట్టీ అంతా కేకలు! తోటి పడవలు వచ్చి ఒడ్డుకు లాక్కొచ్చాయి. బోను పైకి తీసి చూస్తే, లోపల అమ్మ. పసుపు చెరగలేదు, బొట్టు కరగలేదు.

ఎల్డన్ టోపీ తీసి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అమ్మను బోనులోంచి బయటికి తీసి, పెద్ద గుడి కట్టిస్తానన్నాడు. ఆ మధ్యాహ్నం కాసులమ్మకు కునుకు పట్టగానే అమ్మ కలలోకి వచ్చింది.

“నన్ను బయటికి తియ్యకే పిల్లా. మీరు నీళ్ళ మీదుంటే నాను ఒడ్డున కూకోగలనా?” అంది.

ఆ మాట నేటికీ దాటలేదు. వేట తెరిచే రోజున అమ్మ మొదటి పడవ ఎక్కి బోనుతో సహా సముద్రంలోకి దిగుతుంది. ఆఖరి పడవ రేవు చేరాకే పైకి వస్తుంది. ఆనాడు అమ్మ పసుపు నుదుట పెట్టుకున్నవారు క్షేమంగా ఇల్లు చేరతారని ఈ తీరంలో గట్టి నమ్మకం. ఆ ఒక్కరోజు మీరు వస్తే మాత్రం దర్శనం ఉండదు. ఖాళీ పాకకే కొబ్బరికాయ కొట్టి వెళ్ళండి. అమ్మ పనిలో ఉంటుంది.