గవ్వకి ఇద్దరు పెట్టిన మందు

అనగనగా ఉప్పుమళ్ళ పక్కన ఒక ఊరుండేదిట. ఆ ఊళ్ళో ఒకే గోడకి అటొకరు ఇటొకరు కాపురముండే తోడికోడళ్ళు. పెద్దావిడ నూకరత్నం, చిన్నావిడ పైడమ్మ. బట్టలారేసే తీగ దగ్గర ఎప్పుడో మాటా మాటా అనుకున్నారు. మూడేళ్ళయింది బంగారూ, మళ్ళీ పలకరింపే లేదు.

వాళ్ళిద్దరికీ కలిపి ఒక కుక్క. పేరు గవ్వ. పొద్దున్న పెద్దావిడ గుమ్మంలో, సాయంత్రం చిన్నావిడ గుమ్మంలో. దానికి మాత్రం ఎవరితోనూ తగువు లేదు.

ఒకనాడు గవ్వ లేవలేదు. ఒళ్ళు కాలిపోతోంది. అన్నం పెడితే మొహం తిప్పేసుకుంది. అప్పుడు పశువుల డాక్టరమ్మ వచ్చి, దాని చెవుల్లో నెత్తురు తాగే గోమార్లు చూసింది.

"ఇవి కుట్టడం వల్ల వచ్చిన జ్వరం. ఒంట్లో రక్తం తగ్గిపోతుంది," అని సూది వేసి, బిళ్ళలిచ్చి వెళ్ళింది.

నూకరత్నానికి మనసు నిలవలేదు. ఒట్టి బిళ్ళలతో బలమెలా వస్తుంది? తన చిన్నప్పుడు జలుబు చేసినా దగ్గొచ్చినా వాళ్ళమ్మ వెల్లుల్లే పెట్టేది. అందుకని నాలుగు రెబ్బలు నూరి, పెరుగన్నంలో కలిపి, బతిమాలి బతిమాలి తినిపించింది. మొదటి రోజు పెట్టింది. రెండో రోజూ పెట్టింది. మూడో రోజు పెట్టాక చూస్తే, గవ్వ చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. పిలిచినా తోక కదల్లేదు.

అప్పుడు డాక్టరమ్మ మళ్ళీ పరుగున వచ్చింది. తోడికోడళ్ళిద్దరూ చెరో వైపు నిలబడ్డారు.

"నా మందు కాక ఇంకేం పెట్టారు?"

ఇద్దరూ ఒకరినొకరు ఓరకంట చూసుకున్నారు.

"చెప్తేనే దీన్ని బతికించగలను."

నూకరత్నం చెబుదామనుకుని ఆగింది. తప్పు తనదని తేలితే, పైడమ్మ ఊరంతా చెప్పి నవ్వదూ? కానీ గవ్వ డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"నేను వెల్లుల్లి పెట్టానమ్మా. బలమొస్తుందని," అంది.

డాక్టరమ్మ తల పట్టుకుంది. "కుక్కలకి ఉల్లి, వెల్లుల్లి పడవమ్మా. ఉన్న రక్తాన్ని కూడా తినేస్తాయి."

నూకరత్నం కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, పక్కనుంచి నవ్వు వినబడుతుందేమోనని ఆగింది. నవ్వు రాలేదు.

"నేనూ పెట్టానక్కా," అంది పైడమ్మ. "తిప్పతీగ కషాయం. నీకు తెలీకుండా, పూటకో గ్లాసు."

మూడేళ్ళ తర్వాత 'అక్కా' అంది, చూశావా!

"రెండూ ఆపండి," అంది డాక్టరమ్మ. "కషాయం సంగతి జ్వరం తగ్గాక నన్నడగండి. ముందు మందు. దాని వెనకాల మీ చేతి సాయం. ఉడికిన గుడ్డు, కాస్త కార్జం, పల్చటి గంజి పెట్టండి. ఒళ్ళు నిమరండి. దీని దగ్గర కేకలేసుకోకండి. నిమ్మళంగా ఉంటేనే ఒంట్లో బలం పుంజుకుంటుంది."

ఆ తర్వాత పైడమ్మ గుడ్డు ఉడకబెడితే, నూకరత్నం చిదిమి తినిపించేది. ఒకరు దువ్వెనతో గోమార్లు తీస్తే, ఇంకొకరు కాళ్ళు నిమిరేవారు. గట్టిగా మాట్లాడకూడదు కదా, అందుకని ఏ మాటైనా గుసగుసగానే. గుసగుసల్లో పోట్లాడుకోవడం ఎవరికి చేతనవుతుంది నాన్నా?

మొదటి వారం గవ్వ గంజి నాకింది. రెండో వారం గుమ్మం దాకా నడిచింది. మూడో వారం డాక్టరమ్మ వచ్చి సూది బయటికి తీసిందో లేదో, గవ్వ దిగ్గున లేచి, భౌ భౌమని ఆవిణ్ణి వీధి చివరిదాకా తరిమింది!

తోడికోడళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

"ఇంక నాతో పని లేదర్రా!" అని డాక్టరమ్మ వీధి చివరినుంచి కేకేసింది.

కంచికి పోయే కథా, మెల్లగా పో.
కంటికి వచ్చే నిదరా, చల్లగా రా.