చేప పెట్టిన దండం

అనగనగా, మీ తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో, కొండల నడుమ ఒక రాజ్యం ఉండేది. దానికి రాజు కీర్తిధరుడు. మంచివాడే, కాదనను. కానీ పొగడ్తంటే చెవి కోసుకునేవాడు.

ఒకనాడు వేటలో అలసి కొండవాగు దగ్గర ఆగాడు. నీళ్లు హోరున దూకుతున్నాయి. అంత హోరులోనూ వేలెడంత చారల చేప ఒకటి రాతిని కరుచుకుని కదలకుండా ఉంది.

"ఆహా, ఏమి ధైర్యం! ఇది నా సభలో ఉండాలి" అన్నాడు రాజు.

ఆ వాగులో చేపలు పట్టుకు బతికే కోనమ్మ దాన్ని కుండలో పట్టి ఇచ్చింది. "దొరా, దీనికి పారే చల్లటి నీళ్లుండాలి. రాళ్లకు పాచి ఉండాలి, అదే దాని తిండి" అని చెప్పబోయింది.

"చేపను పెంచడం నువ్వు నాకు నేర్పుతావా?" అని రాజు గుర్రమెక్కాడు.

సభలో అద్దాల తొట్టి కట్టించాడు. పాచి మురికట! తోమి తోమి మెరిపించిన పాలరాళ్లు పరిపించాడు. కదలని నీళ్లు పోయించాడు. అందరికీ కనబడాలని కిటికీ పక్కన ఎండలో పెట్టించాడు.

మొదటి రోజు చేప అద్దానికి అతుక్కుపోయింది. "చూశారా, నన్ను కౌగిలించుకోవాలని చూస్తోంది!" అన్నాడు రాజు. సభ చప్పట్లు కొట్టింది.

రెండో రోజు దాని నల్లని చారలు వెలిసిపోయాయి. "రాజభోగం ఒంటబట్టి రంగు తేలింది!" అన్నాడు. మళ్లీ చప్పట్లు.

మూడో రోజు చేప పైకి తేలి, నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. "అదిగో, నాకు దండం పెట్టి స్తోత్రం చదువుతోంది! కోనమ్మను పిలిపించండి, పట్టుచీర పెడతాను" అన్నాడు.

కోనమ్మ వచ్చి తొట్టిలోకి చూసింది. చీర అందుకోలేదు, ఏడ్చేసింది.

"అయ్యో దొరా! అది స్తోత్రం కాదు. ఊపిరాడక నోరు తెరుస్తోంది. ఈ పూట దాటదు."

రాజుకు తల కొట్టేసినట్లయింది. మూడు రోజులుగా ఒక ప్రాణి చచ్చిపోతున్నానని మొత్తుకుంటుంటే, తను చప్పట్లు కొట్టించుకున్నాడు! ఎంత సిగ్గు, పిల్లలూ, ఎంత సిగ్గు!

చేపను కుండలోకి మార్పించి, ఆ కుండ తనే ఒళ్లో పెట్టుకుని రథమెక్కాడు. కోనమ్మ చెప్పినట్టు దారిపొడవునా నీళ్లను చేత్తో కదుపుతూనే ఉన్నాడు. వాగులో వదిలితే చేప కాసేపు పక్కకు ఒరిగిపోయింది. తర్వాత తోక ఆడించి రాయి కిందికి దూరింది. రాజు మోకాలిలోతు నీళ్లలో నిలబడి చెంపలు వేసుకున్నాడు.

మర్నాడు సభలో ముసలి మంత్రి సుముఖుడు చేతులు జోడించి, "ప్రభూ, తమ దయాగుణం..." అని మొదలుపెట్టాడు. ఎన్నడూ లేనిది, రాజు అతని కాళ్ల వంక చూశాడు. అవి వణుకుతున్నాయి.

"సుముఖా, నిజం చెప్పు. నీకు బాగానే ఉందా?"

మంత్రి మెల్లగా అన్నాడు. "మోకాళ్ల నొప్పులు ప్రభూ. పదేళ్లుగా నిలబడలేకపోతున్నాను."

రాజు సింహాసనం దిగి, తన చేత్తోనే మంత్రికి పీట వేశాడు. అతని ముఖంలోకి మాత్రం చూడలేకపోయాడు.

ఎదుటి ప్రాణి అవస్థను అడిగి తెలుసుకోవాలే గానీ, దాన్ని మన గొప్పగా చెప్పుకోకూడదు.