సముద్రం కూచున్న సీటు

అనగనగనగా, కొండల కింద ఒక ఊళ్ళో దాలినాయుడని ఒకాయన ఉండేవాడు. ఆయన పెళ్ళాం గైరమ్మ. ఆయన తల్లి నూకాలమ్మ. ఊఁ కొడుతున్నావా బంగారూ? కొట్టాలి మరి, లేకపోతే కథ అలిగి వెళ్ళిపోద్ది.

ఒకనాడు వాళ్ళింటికి కొత్త కారు వచ్చింది. గైరమ్మ తలుపు తీసి తొంగి చూసింది. అబ్బ! బెల్లం రంగు సీట్లు, వెన్నముద్దల్లా ఉన్నాయి. కొత్త వాసన గుప్పుమంది. ముట్టుకోబోయి ఆగి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, అప్పుడు ఒక్క వేలు ఆనించింది. దేవుడి గదిలా ఉందే అనుకుంది.

అప్పట్నుంచి కారుకి మడి మొదలైంది. సీట్లకున్న ప్లాస్టిక్ కవరు తియ్యకూడదు. లోపల ఏమీ తినకూడదు. ఇక చెప్పులంటావా, ఇంటి గుమ్మంలోనే విడిచి ఎక్కాలి.

నూకాలమ్మకి ఒకటే కోరిక. పుట్టి బుద్ధెరిగి ఆవిడ సముద్రం చూడలేదు. చూపేమో రోజురోజుకీ మసకబారిపోతోంది. వానలు పడేదాకా నిలిస్తే గొప్పే అన్నాడు డాక్టరు. "ఉన్న సూపుతో ఒక్కపాలి సముద్రం సూసేస్తాన్రా నాయినా" అంది కొడుకుతో.

సరే, బయల్దేరారు. ఒక మలుపు వచ్చింది. ముసలమ్మ ప్లాస్టిక్ కవరు మీద ఇటు జారింది. ఇంకో మలుపు వచ్చింది. అటు జారింది. బ్రేకు వేస్తే కిందకే జారి కూలబడింది. "ఓలమ్మో! ఇది సీటేటే కోడలా, సేప ఒళ్ళా?" అని గోలపెట్టింది. వెనక్కి వచ్చేశారు.

అప్పుడు గైరమ్మ ఆలోచించి, కవరు మీద పాత చీరల బొంత నాలుగు మడతలేసి పరిచింది. ఆ తర్వాత మళ్ళీ బయల్దేరారు. బొంత ఎత్తుకి ముసలమ్మ తల కారు టాపుకి తగిలింది. గుంత వచ్చినప్పుడల్లా ఠంగుమంటోంది. "కళ్ళు పోయేలోగా బుర్ర పోయేలా ఉందే!" మళ్ళీ వెనక్కే.

దాలినాయుడికి కోపం వచ్చింది. "ఏటే, కారు మనకా, మనం కారుకా? తీసెయ్ అయన్నీ!"

గైరమ్మ కవరు తీసింది. పసిపిల్ల చొక్కా విప్పి చలిలో నిలబెట్టినట్టు అనిపించింది ఆమెకి. అయినా తీసింది. తీసి, "అత్తా, సముద్రాన్ని దూరంనుండే సూడాల. తడి తగలకూడదు. ఒట్టెయ్" అంది. ముసలమ్మ కోడలి చేతిలో చెయ్యేసింది. ముగ్గురూ గుమ్మంలో చెప్పులు విడిచి కారెక్కారు.

కొండలు వెనకబడ్డాయి. జీడితోటలు వెనకబడ్డాయి. ఆ తర్వాత సరుగుడు తోట దాటి కారు ఆగింది.

గైరమ్మ తలెత్తి చూసింది. ఆమె మాత్రం ఎప్పుడు చూసింది గనక! ఆకాశమే కిందకి దిగొచ్చి, వెల్లకిలా పడుకుని ఊపిరి తీస్తున్నట్టుంది. ఆ కొస లేదు, ఈ కొస లేదు. అలా చూస్తూ, చూస్తూ, ముగ్గురూ నడుచుకుంటూ పోయారు.

మిట్టమధ్యాహ్నం. ఇసక పెనంలా కాలుతోందని సగం దూరం పోయేదాకా తెలీనే లేదు. తెలిసేసరికి ఏముంది? కాళ్ళకి చెప్పుల్లేవు! "ఓలమ్మో, కాళ్ళు, కాళ్ళు!" అని ముసలమ్మ గెంతింది. కారు దూరం, నీళ్ళు దగ్గర. గైరమ్మ అత్త రెక్క పట్టుకుని నీళ్ళకేసి ఒకటే పరుగు. వెనకాల దాలినాయుడు, కప్పలాగ.

మొదటి కెరటం పాదాలు కడిగింది. రెండోది మోకాళ్ళు తడిపింది. మూడోది అత్తనీ కోడల్నీ పడగొట్టి, ఒళ్ళో కూచోబెట్టుకుంది.

ముసలమ్మ నీళ్ళు దోసిట్లోకి తీసుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. "కోడలా, ఊరూ వాడా వచ్చి తొక్కతన్నారు గదే. దీనికి కవరెవులూ ఎయ్యలేదేటే?"

గైరమ్మకి నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ కలిసే వచ్చాయి.

పొద్దు వాలి ఇసక చల్లబడ్డాక వెనక్కి వచ్చారు. చీరల్నిండా నీళ్ళు, కుచ్చిళ్ళలో ఇసక. ముసలమ్మ కారు దగ్గర ఆగిపోయింది. "ఒట్టు తప్పినాను. ఆరినాక ఎక్కుతాన్లే" అంది. గాలికి వణుకుతోంది. చూపు మాత్రం ఇంకా సముద్రం మీదే ఉంది.

గైరమ్మ సీటు వైపు చూసింది. అత్త వైపు చూసింది. అప్పుడేం చేసిందో తెలుసా బంగారూ? నీళ్ళోడుతున్న చీరతో ముందు తనే ఎక్కి, దభీమని కూచుంది.

"రా అత్తా, మెత్తగుంది!"

ఆ తర్వాత సీటు ఆరింది. ఉప్పు పేరుకుని, కెరటం అంచులా తెల్లటి గీత పడింది. వానలొచ్చేసరికి ముసలమ్మ చూపు పోయింది. కానీ కారెక్కినప్పుడల్లా ఆ గీతని వేలితో తడిమి, "ఉంది, ఇక్కడే ఉంది" అనేది.

ఎవరైనా "కొత్త సీటు మీద ఏటే గైరమ్మా ఆ మరక?" అంటే, గైరమ్మ గొంతు తగ్గించి చెప్పేది.

"మరక కాదు. సముద్రం వచ్చి కూకుంది."

కథ కంచి చేరింది,
కారు పాక చేరింది,
కెరటం ఒడ్డు చేరింది,
నా బంగారం కన్ను నిద్ర చేరింది.