మాణిక్యం బెంగ

అనగా అనగా నాగావళి ఒడ్డున ఒక ఊరుండేది అమ్మలూ. ఆ ఊళ్ళో మాణిక్యం అని ఒక పిల్ల. పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం వేడన్నం, రాత్రికి గంజన్నం తిని పుష్టిగా పెరిగింది. నాట్లకి దిగిందంటే ఆమెతో సమానంగా వరస వెయ్యడం ఎవరి వల్లా అయ్యేది కాదు.

మాణిక్యానికి సింహాచలం అనే అతనితో పెళ్ళయింది. మంచివాడు. ఉత్తరాదిన ఎక్కడో చక్కెర మిల్లులో ఫిట్టరు. పెళ్ళయిన నెలకే ఇద్దరూ రైలెక్కి, మూడు రోజులు ప్రయాణం చేసి అక్కడికి చేరారు.

అక్కడ ఎటు చూసినా గోధుమ చేలే. మిల్లు క్వార్టర్లలో మూడు పూటలా రొట్టెలే. మాణిక్యం కూడా కాల్చడం నేర్చుకుంది, తినడం నేర్చుకుంది.

కొన్నాళ్ళకి నోట్లో పుళ్ళు లేచాయి. ఆ తర్వాత మోచేతుల మీద దురద బొబ్బలు. ఆ తర్వాత సత్తువంతా ఎవరో తోడేసినట్టు పోయింది. బిందెడు నీళ్ళు తేవాలంటే దారిలో మూడుచోట్ల కూర్చునేది.

అప్పుడు పక్కింటి పెద్దావిడ చేతికి దారం కట్టింది. మిల్లు కాంపౌండరు ఎర్ర టానిక్కు ఇచ్చాడు. సింహాచలం సినిమాకి తీసుకెళ్ళాడు. ముగ్గురిదీ ఒకటే మాట, పుట్టింటి మీద బెంగ అని. మాణిక్యం కూడా నమ్మింది. బెంగ లేకపోతే కదా! దూరాన రైలు కూత వినపడితే చాలు, చేతిలో పని చేతిలోనే ఉండిపోయేది. వాళ్ళమ్మ అప్పలనరసమ్మ ఇప్పుడు ఏం చేస్తోందో అనుకునేది.

మరీ నీరసంగా ఉన్న రోజు సింహాచలం బన్ను తెచ్చి, పాలల్లో ముంచి తినిపించేవాడు పాపం. మర్నాటికి ఇంకా నీరసించేది.

ఏడాదికోసారి పుట్టింటికి వచ్చేది. నెల రోజులు తల్లి చేతి అన్నం తినేసరికి పుళ్ళు కాస్త నెమ్మదించేవి, బొబ్బల దురద తగ్గేది, మొహంలో కళ వచ్చేది. "చూశారా, ఇది బెంగే" అనేవారు అందరూ. వెనక్కి వెళ్ళగానే మళ్ళీ మంచం.

మూడో ఏడు ఆమె కడుపులో పడ్డ నలుసు నిలవలేదు. ఆ దుఃఖంతో పుట్టింటికి వచ్చింది. అప్పలనరసమ్మ కూతుర్ని చూసి తట్టుకోలేక నోరు జారింది.

"బంగారం లాంటి మొగుడు. ఇంత బెంగేటే నీకు? నీ బెంగే నీ బిడ్డని తినేసింది."

మాణిక్యం మర్నాడే రైలెక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఉత్తరం రాయడం మానేసింది. ‘అమ్మ’ అనే మాటే నోట రానివ్వలేదు. రైలు కూత వేస్తే కిటికీ మూసేసేది. ఊరు కలలోకి వస్తే లేచి కూర్చునేది. బెంగని గొంతు నులిమేసిందనుకో. అయినా ఒళ్ళు బాగుపడలేదమ్మా. ఒకరోజు కుళాయి దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయింది.

అప్పుడు సింహాచలం ఆమెని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక డాక్టరమ్మ, జుట్టు నెరిసినావిడ. నాడి చూసి, "ఏం తింటున్నావమ్మా?" అని అడిగింది. మూడేళ్ళలో ఆ మాట అడిగిన మనిషి ఆవిడొక్కతే.

రక్తం తీశారు. గొంతులోంచి సన్నని గొట్టం దింపి పేగు లోపల చూశారు. ఆ తర్వాత డాక్టరమ్మ పక్కన కూర్చుని చెప్పింది.

"నీ ఒంటికి గోధుమ పడదు తల్లీ. పేగు లోపల పల్చటి పొర ఉంటుంది. దాని మీద నూగులాంటిది ఉంటుంది. తిన్నదాని సారాన్ని ఒంటికి అందించేది అదే. గోధుమ తిన్నప్పుడల్లా నీ పేగులో ఆ నూగు అణిగిపోతూ వచ్చింది. ఇంక రక్తానికి బలమెక్కడిది? ఎముకకెక్కడిది? నోట్లో పుళ్ళూ, బొబ్బలూ, నీరసం, అన్నీ దాని వల్లే. బిడ్డ నిలవకపోవడానికీ అది కారణమై ఉండొచ్చు."

మాణిక్యం అడిగింది. "బెంగ వల్ల కాదా అమ్మా?"

"కాదు. నీ తప్పేమీ లేదు."

మాణిక్యం ఆవిడ చెయ్యి పట్టుకుని భోరుమంది. సింహాచలం గోడవైపు తిరిగి నిలబడ్డాడు. బన్నులు గుర్తొచ్చాయి పాపం.

ఆ తర్వాత ఇంట్లోకి గోధుమ రాలేదు. రొట్టె లేదు, బన్ను లేదు, ఉప్మా రవ్వ కూడా లేదు. సింహాచలం ఎక్కడెక్కడో తిరిగి బియ్యం తెచ్చేవాడు. నెలలు గడిచాక పుళ్ళు మానాయి. ఆ తర్వాత బొబ్బలు పోయాయి. ఏడాది తిరిగేసరికి నిండు బిందె ఎక్కడా ఆగకుండా తెచ్చుకుంది.

అప్పుడు మాణిక్యం తల్లికి ఉత్తరం రాసింది. డాక్టరమ్మ చెప్పిందంతా రాసింది. చివర ఇలా రాసింది: "జబ్బు పోయిందమ్మా. జబ్బుతో బెంగ కూడా పోతుందనుకున్నాను. అది మాత్రం పోలేదు."

అప్పలనరసమ్మకి చదువు రాదు. పోస్టుమాను చేత ఆ ముక్క మూడుసార్లు చదివించుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అరుగు మీద కూలబడింది.

"జవాబు ఏం రాయమంటావు నరసమ్మా?" అన్నాడు పోస్టుమాను.

"నాకూ పోలేదని రాయి బాబూ" అంది.

కథేమో కంచికి బండెక్కింది,
కునుకేమో నీ కంటి రెప్పెక్కింది.
కథని ఆ కంచి దాచుకుంటుంది,
నిన్ను ఈ అమ్మమ్మ దాచుకుంటుంది.