జాడీలో ఏడ్చిన మామ్మ

చిన్న కథే. వేలెడంత. ఇట్టే అయిపోతుంది. బుల్లెమ్మా, ఆ కాలు వాడి మీంచి తియ్యి.

అనగనగా సముద్రం పక్కన ఉప్పుమళ్ళ ఊరొకటి. ఆ ఊళ్ళో ఉప్పుకి కొదవ లేదు, మాటలకి అసలే లేదు. పేరంటాలని ఒకావిడ ఉండేది. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో వాసన చూసి చెప్పేది. తన అన్నం మాడితే మాత్రం జలుబనేది. సరే, కథ ఆవిడది కాదు. పక్కింటి కొత్తకోడలు వరహాలుది.

వరహాలు పుట్టిల్లు మెట్ట ఊరు, ఇంటినిండా జనం. అత్తింట్లో ముగ్గురే. అందులో మొగుడు గవర్రాజు ఉప్పు పడవెక్కి పోయాడు. అత్త అచ్చియ్యమ్మ కూతురి పురిటికి బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ మామిడికాయలు చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ కలిపి జాడీలో వేసింది. మాగాయ ముక్కలు. "తడి తగిలిందో, నిన్ను పుట్టింట్లో దింపేసి వస్తా" అంది. అలా దింపిన కోడల్ని ఆ ఊళ్ళో మళ్ళీ పిలిచేవాళ్ళు కాదు.

ఊఁ అంటున్నారా, గోడకి చెబుతున్నానా?

మర్నాడు వరహాలు మూత తీసింది. లోపల నీళ్ళు! చెయ్యి పెట్టలేదు, గరిటె పెట్టలేదు, నీళ్ళెలా వచ్చాయి? పేరంటాల్ని పిలిచింది. ఆవిడ వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"ఉప్పగా ఉన్నాయే! కన్నీళ్ళు. ఈ జాడీ మీ అత్త అత్తగారిది. ఆ ముసలమ్మే లోపల కూచుని ఏడుస్తోంది."

వరహాలు హడలిపోయి నీళ్ళు తోడి పారబోసింది. తెల్లారి చూస్తే మళ్ళీ ఊరాయి. తోడింది, ఊరాయి. మళ్ళీ తోడింది, మళ్ళీ ఊరాయి. మూడో రోజుకి భయం పోయింది. ఆ ఇంట్లో అడిగితే పలికే దిక్కులేదు కదా, జాడీ పక్కనే పీట వేసుకుంది. "ఎందుకేడుస్తావు మామ్మా? నాకూ తోచడం లేదు" అంటూ తన వంట, తన కల, తన చెల్లెళ్ళ పేర్లు అన్నీ చెప్పింది. నాలుగో రోజు నీళ్ళు రాలేదు. ముక్కలు ముడుచుకుపోయాయి. మామ్మకి తన మాటలు విసుగేసి వెళ్ళిపోయిందనుకుని ఆ పూట అన్నం తినలేదు.

అచ్చియ్యమ్మ వచ్చి మూత తీసింది. "ఊటేదే?"

"మామ్మ కన్నీళ్ళా అత్తా? పారబోశాను."

"మా అత్త ఏడవడమా! ఏడిపించేదే గానీ." అని నెత్తి కొట్టుకుని చెప్పింది. ముక్క అంటే ఒక్క ముక్క కాదు, కంటికానని లక్ష తిత్తులు. తిత్తి పొర నీళ్ళకి దారిస్తుంది గానీ ఉప్పుని అంత సులువుగా రానివ్వదు. బయట ఉప్పు చిక్కగా ఉంటే లోపలి నీళ్ళు అటు నడుస్తాయి. అదే ఊట. ముక్కలు ఎండబెట్టి మళ్ళీ అందులోనే వెయ్యాలి. ఎండు ద్రాక్ష మంచినీళ్ళలో పడేస్తే ఉబ్బడం చూశావుగా, అక్కడ చిక్కన లోపలుంది, అందుకని నీళ్ళు లోపలికి పోతాయి. "దయ్యం లేదు, నీ మొహమూ లేదు!"

వరహాలు ఊరట పడాలి కదా? భోరుమంది. "అయితే ఆ మాటలన్నీ ఎవరూ వినలేదా అత్తా?"

అచ్చియ్యమ్మ జాడీ పక్కనున్న పీట మీద కూచుంది. "ఏం చెప్పావే దానికి?" అంది. వరహాలు మొదట్నించీ చెప్పింది. పొద్దుగూకేదాకా ఆవిడ విన్నది. పేరంటాలు గోడవతల నిలబడి విన్నది, అది వేరే సంగతి.

మర్నాడు అచ్చియ్యమ్మ అన్నంత పనీ చేసింది. కోడల్ని బండెక్కించి మెట్ట ఊళ్ళో పుట్టింట్లో దింపింది.

తనూ దిగింది. ఆ ఇంటినిండా ఉన్న జనం మధ్య పీట వేసుకుని ఇక తిరిగి రాలేదు. గవర్రాజు పడవ దిగి, ఇంటి తాళం చూసి, పేరంటాల్ని అడిగి, తనూ అక్కడికే పోయాడు.

కథ కంచి బండెక్కింది, మీరు దుప్పట్లో దూరండి. మాగాయ ఊట మాత్రం పారబొయ్యకండి.