ఏటి నడుమ ముగ్గురు పిల్లలు

ఏటికి ఇంకా పేరు పెట్టని కాలంలో, రాజులకు మాత్రం అప్పటికే బోలెడు పేర్లున్న కాలంలో, పుట్టి నడిపే ఆడమనిషి ఒకతె ఉండేది. ఆమె పేరు ఓబులక్క. మొగుడు పోయాడు. పిల్లలు పుట్టలేదు. పడమటి గట్టున చిన్న గుడిసె, వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రటి పుట్టి, అంతే ఆమె సంసారం. జనాన్ని ఆ గట్టుకూ ఈ గట్టుకూ దాటించి, వాళ్ళు పెట్టిన గింజలతో గంజి కాచుకునేది.

తూర్పు గట్టు ఒక రాజుది. పడమటి గట్టు ఇంకో రాజుది. నడుమ ఏరు మాత్రం ఎవరిదీ కాదు.

ఎగువ మెట్టల్లో ఒక ఏడు వాన పడలేదు. రెండో ఏడూ పడలేదు. మూడో ఏడు అక్కడి జనం మూటలు కట్టుకుని, కూలి వెతుక్కుంటూ తూర్పుకు కదిలారు. అట్లా వచ్చిన ముగ్గురు తల్లులను, ముగ్గురు బిడ్డలను ఓబులక్క ఒక పొద్దున దాటించింది. పెద్దపిల్ల చెంగికి ఎనిమిదేళ్ళు. మాదన్నకు అయిదు. తిప్పక్క ఇంకా పాలు మరవని పిల్ల.

వాళ్ళు దిగిన రోజే రాజులిద్దరికీ ఏదో మాటపట్టింపు వచ్చింది. తూర్పున దండోరా వేశారు: "రాజముద్ర లేకుండా వచ్చినోళ్ళను కోటగోడ పనికి పట్టుకుపోతాం!" పడమర కూడా వేశారు: "పుట్టి నడిపేవాళ్ళు తప్ప, ఏరు దాటిపోయినోళ్ళెవరూ తిరిగి ఈ గట్టు ఎక్కరాదు!"

తల్లులను పట్టుకుపోయారు. పిల్లల సంగతి ఆజ్ఞలో లేదు. లేదు కాబట్టి తూర్పు కావలివాళ్ళు వాళ్ళను తెచ్చి, ఏటి నడుమ ఇసుకదిబ్బ మీద దించి పోయారు.

మర్నాడు ఓబులక్క ఏటికి వచ్చి చూస్తే దిబ్బ మీద మూడు చిన్న తలలు. నీళ్ళ వంక చూస్తే ఎర్రగా ఉన్నాయి. మూడేళ్ళు పడని వాన ఎగువన ఇప్పుడు పడింది. సాయంత్రానికి దిబ్బ ఉండదు.

తూర్పు గట్టుకు పోయి కావలివాళ్ళను అడిగింది. "అయ్యా, ఏరు వస్తా ఉంది. ఆ పిల్లలెవరోళ్ళు?"

"మావోళ్ళు కాదు. తీసుకొచ్చిన తల్లులను అడుగు."

"తల్లులు మీ దగ్గరే ఉన్నారు గదా?"

"వాళ్ళు గోడ పనిలో ఉన్నారు. మాట్లాడకూడదు."

పడమటి గట్టుకు వచ్చి అడిగింది. "అయ్యా, ఏరు వస్తా ఉంది. ఆ పిల్లలెవరోళ్ళు?"

కావలి వీరన్న ఈటె అడ్డం పెట్టాడు. "మావోళ్ళు కాదు. పట్టుకున్నోళ్ళు చూసుకోవాల."

ఊరిపెద్ద ఇంటికి పరుగెత్తి అడిగింది. "పెద్దయ్యా, ఏరు వస్తా ఉంది. ఆ పిల్లలెవరోళ్ళు?"

"రాజుల తగువులో మనం వేలు పెట్టేదేంది ఓబులక్కా? దేవుడే చూసుకుంటాడులే," అన్నాడాయన.

తిరిగి వచ్చేసరికి దిబ్బ సగమైంది. ఓబులక్క తెడ్డు పట్టుకుని నిలబడిపోయింది. 'నేనేం చేశాను? దాటించమంటే దాటించాను. నేను కాకపోతే ఇంకొకరు దాటించేవాళ్ళు,' అనుకుంది. అనుకుంటూనే తన చేతులు చూసుకుంది. నిన్న పొద్దున తిప్పక్కను గట్టు మీదికి అందించింది ఆ చేతులే.

ఇక ఆలోచించలేదు. పుట్టిని ఏట్లోకి తోసింది.

ముగ్గురినీ ఎక్కించుకుని పడమటి గట్టుకు చేరేసరికి వీరన్న ఈటె ఎత్తాడు. "ఎవరు వాళ్ళు?"

"నా బిడ్డలు."

"నీకు బిడ్డలెక్కడివి?"

"నిన్న లేరు నాయనా. ఈ పొద్దు ఉన్నారు. తాటాకు తీసి రాసుకో, వీళ్ళ తల్లి ఓబులక్క అని."

వీరన్న ఏటి వంక చూశాడు. దిబ్బ కనపడలేదు. "అబద్ధమని తేలితే నీ తల పోతుంది. రాసిన పాపానికి నాదీ పోతుంది," అన్నాడు. అంటూనే రాశాడు.

ఆ రోజు నుంచి ఓబులక్క కంటికి కునుకు లేదు. కుక్క మొరిగితే ఉలిక్కిపడేది. మొదటిసారి రాజు మనుషులు తనిఖీకి వచ్చారు. పిల్లలు "అమ్మా" అన్నారు. రెండోసారి వచ్చారు. "అమ్మా" అన్నారు. మూడోసారీ అట్లాగే అన్నారు. తనిఖీవాళ్ళు పోయాకే కాదు, రోజూ రాత్రి తలుపు వేసి, ఒక్కొక్కరికీ ముద్ద కలిపి, నోటి దగ్గర ఆపేది.

"మీ అమ్మ పేరు చెప్పు."

చెంగి చెప్పేది. మాదన్న చెప్పేవాడు. తిప్పక్కకు మాటలు రాగానే ఆ పేరే నేర్పింది: "కదిరమ్మ." కానీ తిప్పక్కకు అది ఉత్త మాటే. ముద్ద మింగి, ఓబులక్క ఒడిలో దూరి, "అమ్మా" అనేది. ఆ పిలుపు వింటే ఓబులక్కకు సంతోషమూ వేసేది, భయమూ వేసేది.

మూడేళ్ళకు రాజులు వియ్యమందుకున్నారు. గోడ పనివాళ్ళను వదిలేశారు. చెంగి తల్లి వచ్చింది. మాదన్న తల్లి వచ్చింది. ఆ ఇద్దరు పిల్లలూ తల్లులను గుర్తుపట్టి గుట్టుగా కలుసుకున్నారు. ఆఖరున, చిక్కి శల్యమై, కదిరమ్మ రేవులో దిగింది. తిప్పక్క ఆమెను చూసి ఓబులక్క చీరకుచ్చిళ్ళ వెనక దాక్కుంది.

రేవు నిండా జనం. పక్కనే తనిఖీ అధికారి, వీరన్న. నోరు విప్పితే తల పోతుంది. విప్పకపోతే ఆ బిడ్డ తనకే ఉండిపోతుంది.

ఓబులక్క తిప్పక్కను ముందుకు తెచ్చింది. "మీ అమ్మ పేరు చెప్పు తల్లీ."

"కదిరమ్మ," అంది పిల్ల, రోజూ చెప్పినట్టే.

తన పేరు బిడ్డ నోట విని, ఆ తల్లి ఇసుకలో కూలబడి ఏడ్చింది.

అధికారి కళ్ళెర్రజేశాడు. "అయితే నీ బిడ్డలు కారన్నమాట! తాటాకు మీద అబద్ధం రాయించావా?"

"మీరు కాదన్నారు. వాళ్ళు కాదన్నారు. నా కంటపడ్డారు. చూసినోళ్ళదే బిడ్డ దొరా, ఇంకెవరిది?"

అధికారి ఆకు తెమ్మన్నాడు. వీరన్న మొలలో వెతికినట్టు వెతికి, "చెదలు తినేశాయి దొరా," అన్నాడు. ఆకు లేకపోతే తల తీసే వీలు లేదు. కానీ శిక్ష లేకుండా వదిలే మనసూ ఆ అధికారికి లేదు. పుట్టిని గొడ్డలితో నరికించాడు.

ఓబులక్క మళ్ళీ ఏరు దాటలేదు. ఆ మూడు కుటుంబాలూ ఎటూ పోకుండా ఆమె గుడిసె పక్కనే గుడిసెలు వేసుకున్నాయి. ఆమె పోయినప్పుడు రెండు గట్ల జనమూ వచ్చారు. ముద్ర ఉందా అని ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఇప్పటికీ ఆ రేవులో పసిబిడ్డ ఎక్కితే పుట్టివాడు వెంటనే తెడ్డు వేయడు. "బిడ్డ పేరేంది? తల్లి పేరేంది?" అని గట్టిగా అడుగుతాడు. పుట్టిలో ఉన్నవాళ్ళందరూ ఆ రెండు పేర్లూ పైకి అనాలి. ఎవరైనా నోరు మెదపకపోతే, అవతలి గట్టున ఎంత పనున్నా సరే, పుట్టి కదలదు.